బొమ్మలెవరేశారు గురూ?

కామిక్స్ పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాటలన్నీ ఒకే దారిన పోతాయి. ఈమధ్య ఏం చదివావు, బావుందా, కొనొచ్చా, ఆఖర్న హీరో చస్తాడా, చస్తే మళ్ళీ ఎన్ని నెలలకి లేస్తాడు... ఇలా. కోపమొస్తే మాత్రం అందరూ ఒకటే మాటంటారు: "క్యారెక్టర్ని చెడగొట్టారు". ఈ 'చెడగొట్టారు'లో చివర ఓ 'రు' ఉంది చూశారూ, ఆ బహువచనం వెనకాల ఉన్నది ఎవరని ఎవ్వడూ అడగడు. బావున్నప్పుడు ఆ 'రు' కూడా ఉండదు. "బ్యాట్‌మన్ ఇరగదీశాడు" అంటారు. బ్యాట్‌మన్ దేన్నీ ఇరగదియ్యలేదు గురూ, వాడు లేడు. వాడి చేత ఇరగదీయించిన మనిషొకడు ఎక్కడో నడుం నెప్పితో బల్ల ముందు కూచుని ఉన్నాడు.

మేం ఆరుగురం. అందరం సాఫ్ట్‌వేరే. నెలకి రెండు శనివారాలు మాదాపూర్లో ఓ కాఫీ కొట్టులో కూచుని, పోయినసారికీ ఈసారికీ మధ్య ఎవరేం చదివారో చెప్పుకుంటాం. మూడేళ్ళుగా సాగుతోంది. ఉన్న నియమం ఒక్కటే, ఎదుటివాడు చదవని పుస్తకం ముగింపు చెప్పకూడదు. మొన్నామధ్య నేను ఇంకో నియమం పెడదామన్నాను: ఏ పుస్తకం గురించి మాట్లాడినా ముందు రాసినవారి పేరు, బొమ్మలేసినవారి పేరు చెప్పి, ఆ తర్వాతే మొదలెట్టాలి. అందరూ నవ్వారు. "స్కూల్లో కవి పరిచయం రాసినట్టుంటుంది బాబూ, రెండు మార్కులు కూడా ఇస్తావా" అంది మా టెస్టింగ్ మేడమ్. ఆవిడ నవ్వడంలో తప్పు లేదు గానీ, ఆ నియమం ఎందుకు కావాలన్నానో ఆరోజు కాఫీ చల్లారేలోపు చెప్పడం కుదర్లేదు. ఇక్కడ చెబుతున్నా.

మొదట ఆరోజు జరిగిన వాదన సంగతి. ఇద్దరు 'ద కిల్లింగ్ జోక్' చదివారు. 1988లో వచ్చిన పుస్తకం, జోకర్ కథ. అలన్ మూర్ రాశాడు, బ్రయన్ బోలండ్ బొమ్మలేశాడు. ఒకడేమో "అందులో రంగులు భలే ఉన్నాయి, జ్వరమొచ్చినవాడి కలలా పచ్చా ఊదా అంతా కొట్టొచ్చినట్టు" అంటాడు. రెండోవాడు "నీ మొహం, అంతా బూడిదరంగు, చలికాలం పొద్దున్నలా ఉంది" అంటాడు. పావుగంట కొట్టుకున్నారు. తీరా చూస్తే ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మొదటివాడిది పాత ప్రతి, అందులో రంగులేసింది జాన్ హిగ్గిన్స్. ఆ రంగులు తను అనుకున్నట్టు లేవని బోలండ్‌కి ఏళ్ళ తరబడి గుర్రు. 2008లో కొత్త ముద్రణకి తనే కూచుని మొత్తం మళ్ళీ రంగులేశాడు. గతం చూపించే పేజీలని దాదాపు నలుపు తెలుపు చేసి, అక్కడక్కడా ఒక్క ఎరుపు మాత్రం వదిలాడు. కథ అదే, గీత అదే, మాట అదే. రంగులు మారేసరికి ఒకే పుస్తకం చదివిన ఇద్దరు రెండు వేరే పుస్తకాలు చదివినట్టు పోట్లాడుకున్నారు. అంత తేడా తెచ్చిన మనిషి పేరు ఇద్దరికీ తెలీదు, పేరు ముందు పేజీలోనే అచ్చేసి ఉన్నా. (నా ఓటు హిగ్గిన్స్‌కే. బోలండ్ రంగులు అందంగా ఉంటాయి, హిగ్గిన్స్ రంగులు భయపెడతాయి. ఆ కథకి భయమే కావాలి.)

మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే అమెరికన్ నెలవారీ కామిక్ అచ్చం మన డెలివరీ లాంటిదే. రాసేవాడొకడు, పెన్సిల్‌తో గీసేవాడొకడు, దాని మీద ఇంకు పెట్టేవాడొకడు, రంగులేసేవాడొకడు, బుడగల్లో అక్షరాలు రాసేవాడొకడు, అందరి నెత్తిన గడువు పట్టుకుని ఎడిటరు. నెలకి ఇరవై పైచిలుకు పేజీలు. ఒకడు రెండ్రోజులు జారితే వెనకవాడికి నిద్ర లేదు. అక్షరాలు రాసేవాడి పని బావుంటే అసలు కనపడదు, బాగోకపోతేనే కనపడుతుంది. మన ఆపరేషన్స్ వాళ్ళ బతుకు! 'శాండ్‌మన్' చదివినవాళ్ళకి కలలరాజు మాట్లాడే అలలాంటి నల్లటి బుడగ, అందులో తెల్లటి అక్షరాలు గుర్తుండే ఉంటాయి. చదువుతుంటే ఆ గొంతు చెవిలో వినపడుతుంది. అది టాడ్ క్లైన్ అనే ఆయన చేతి పని. గొంతు గుర్తుంది, చెయ్యి గుర్తులేదు. అదీ నా గోల.

"సరే తెలుసుకుంటే మంచిదే, తెలుసుకోకపోతే కొంపేం మునిగింది?" అని మా డెవాప్స్ మిత్రుడు అడిగాడు. కొంపలు మునిగాయి కాబట్టే చెబుతున్నా.

1938లో జెర్రీ సీగెల్, జో షస్టర్ అని ఇద్దరు కుర్రాళ్ళు, ఇరవైమూడేళ్ళవాళ్ళు, సూపర్‌మన్ కథ అమ్మారు. పదమూడు పేజీలు, పేజీకి పది డాలర్లు, వెరసి 130 డాలర్లు. ఆ డబ్బుతో పాటే సూపర్‌మన్ మీద సర్వహక్కులూ వెళ్ళిపోయాయి. ఆ చెక్కు మీద వాళ్ళ పేర్లు కూడా తప్పు రాశారు! ఆ చెక్కు ఇప్పటికీ ఉంది, 2012లో వేలమేస్తే 1,60,000 డాలర్లు పలికింది. ఆ కథ అచ్చైన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక కాపీ ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. కాగితానికున్న విలువ కాగితం మీద గీసినవాళ్ళకి రాలేదు.

పదేళ్ళు ఆ కంపెనీకే పనిచేశారు. సంపాదించారు కూడా, తిండికి లేక మాడారని అబద్ధం చెప్పను. 1947లో హక్కుల కోసం కోర్టుకెక్కారు. అమ్మకం అమ్మకమే అని తేలింది. 1948లో సుమారు 94,000 డాలర్లకి రాజీ పడ్డారు, అందులో చాలామటుకు లాయర్లకే పోయింది. ఉద్యోగాలు పోయాయి. సూపర్‌మన్ మొదటి పేజీలో ఉండే వాళ్ళ పేర్లు కూడా పోయాయి. ఆ తర్వాత పాతికేళ్ళకి పైగా సూపర్‌మన్ కథలొస్తూనే ఉన్నాయి, రేడియోలో, టీవీలో, బొమ్మల కొట్లో, పిల్లల చొక్కాల మీద... ఎవరు పుట్టించారన్న మాట మాత్రం ఎక్కడా లేదు. షస్టర్‌కి చూపు మందగించింది. గీసి బతికేవాడికి చూపు! కవర్లు మోసే పని చేసుకున్నాడు. సీగెల్ గుమాస్తా పనిలో చేరాడు.

1975లో సూపర్‌మన్ సినిమా తీస్తున్నారన్న వార్త వచ్చింది. సీగెల్ ఓపిక నశించి, ఆ సినిమాని శపిస్తూ పేజీలకి పేజీలు రాసి పత్రికలకి పంపాడు. అప్పటికే కామిక్స్‌లో పేరున్న నీల్ ఆడమ్స్, కార్టూనిస్టు జెర్రీ రాబిన్సన్ ఆ గొడవ నెత్తికెత్తుకున్నారు. పేపర్లు, టీవీలు, చిత్రకారుల సంఘాలు. అదే ఏడాది డిసెంబరులో కంపెనీ దిగొచ్చింది. ఇద్దరికీ తలా ఏడాదికి 20,000 డాలర్లు, వైద్యం ఖర్చులు, అన్నిటికన్నా ముఖ్యం, సూపర్‌మన్ వచ్చే ప్రతిచోటా వాళ్ళ పేరు. 1978లో ఆ సినిమా వచ్చినప్పుడు తెర మీద ఆ పేర్లున్నాయి.

ఇక్కడ మనం గమనించాల్సిందొకటుంది. కోర్టు వాళ్ళకి పేరు ఇప్పించలేదు, 1948లో కోర్టులో వాళ్ళు ఓడారు. పేరు వెనక్కొచ్చింది జనం సిగ్గుపడితే, జనాన్ని చూసి కంపెనీ సిగ్గుపడితే.

బిల్ ఫింగర్ కథ ఇంకా దారుణం. 1939లో బాబ్ కేన్ బ్యాట్‌మన్ అని ఓ బొమ్మ గీశాడు. ఎర్రటి బట్టలు, చిన్న నల్ల కళ్ళజోడు లాంటి ముసుగు, వీపున గట్టి రెక్కలు. అది చూసి ఫింగర్ అనే చెప్పులు అమ్ముకునే కుర్రాడు, "రెక్కలొద్దు అంగీ పెట్టు, చెవులున్న టోపీ తొడుగు, ఎరుపు తీసేసి బూడిదరంగెయ్యి" అన్నాడు. బ్రూస్ వేన్ అన్న పేరు, గోథమ్ అన్న ఊరు పేరు ఆయనవే. మొదటి కథ రాసింది ఆయనే, ఆ తర్వాత పాతికేళ్ళపాటు వందల కథలు రాశాడు. కేన్ కంపెనీతో రాయించుకున్న ఒప్పందం ప్రకారం పేరు మాత్రం ఒక్క కేన్‌దే. ఫింగర్ 1974లో చనిపోయాడు, జేబులోనూ పేరులోనూ పెద్దగా ఏమీ లేకుండా. పదిహేనేళ్ళ తర్వాత కేన్ తన ఆత్మకథలో, పాపం అతనికి పేరు రావల్సింది అని ఒప్పుకున్నాడు. బతికుండగా అని ఉంటే ఎంత బావుండేది?

తర్వాత జరిగింది నాకు భలే నచ్చుతుంది. మార్క్ టైలర్ నోబుల్‌మన్ అని పిల్లల పుస్తకాలు రాసుకునే ఒకాయన, ఎవరూ చెప్పకుండా, ఫింగర్ వారసుల్ని వెతకడం మొదలెట్టాడు. వంశం అయిపోయిందని అందరూ అనుకుంటున్నారు. టెలిఫోన్ డైరెక్టరీలు, పాత రికార్డులు తవ్వి తవ్వి, ఒక మనవరాలుందని కనిపెట్టాడు. ఆవిడ హక్కు అడిగింది. 2015లో కంపెనీ ఒప్పుకుంది. 2016లో వచ్చిన బ్యాట్‌మన్, సూపర్‌మన్ కొట్టుకునే సినిమాలో మొట్టమొదటిసారి వెండితెర మీద ఫింగర్ పేరు పడింది. బ్యాట్‌మన్ పుట్టిన 77 ఏళ్ళకి. ప్రొడక్షన్లో 77 ఏళ్ళు తెరిచి ఉన్న బగ్గు ఇంకెక్కడన్నా చూశారా? దాన్ని మూసింది సంస్థ కాదు, లాయరు కూడా కాదు... పని మానుకుని వెతికిన ఒక పాఠకుడు.

ఇహ మా గుంపులో ఎదురైన అసలు వాదన. మా ఆర్కిటెక్టు గారు, వయసులో పెద్దాయన, పెద్దగా మాట్లాడరు. ఆరోజు మాట్లాడారు. "చూడు నాయనా, పేజీకింత అని డబ్బు తీసుకున్నారు. పుస్తకం అమ్ముడుపోకపోతే ఆ నష్టం వాళ్ళు కట్టారా? లేదుగా. కంపెనీ కట్టింది. మరి లాభం దగ్గర మాత్రం వాటా ఏమిటి? నువ్వు జీతం తీసుకుని రాసిన కోడు మీద నీకు హక్కుందా?" అన్నారు.

ఇది కొట్టిపారేసే మాట కాదు. జాక్ కర్బీ విషయంలో అమెరికా కోర్టులు దాదాపు ఇదే అన్నాయి. ఫెంటాస్టిక్ ఫోర్, థోర్, హల్క్, ఎక్స్‌మెన్, బ్లాక్ పాంథర్... స్టాన్ లీ తో కలిసి కర్బీ 1960ల్లో గీసిన జాబితా చూస్తే, ఇప్పటి సినిమా పరిశ్రమలో సగం ఆయన పెన్సిలు ముక్కలోంచి రాలిందా అనిపిస్తుంది. ఆయన ఉద్యోగి కాడు, ఇంట్లో కూచుని పేజీ లెక్కన గీసేవాడు. అయినా ప్రచురణకర్త పురమాయించి, ఖర్చు పెట్టుకుని చేయించుకున్నాడు కాబట్టి హక్కు ప్రచురణకర్తదేనని 2013లో అప్పీలు కోర్టు తేల్చింది. కర్బీ 1994లోనే పోయాడు, కేసు వేసింది పిల్లలు. సుప్రీంకోర్టు ఆ కేసు చేపట్టాలా వద్దా అని తేల్చబోయే ముందు, 2014 సెప్టెంబరులో కంపెనీ వాళ్ళతో రాజీ చేసుకుంది. ఎంతిచ్చారో బయటకి చెప్పలేదు. కానీ ఆ తర్వాతి పుస్తకాల్లో కర్బీ పేరు స్పష్టంగా కనపడడం మొదలైంది.

మన దగ్గరా అంతే. 1957 కాపీరైటు చట్టం, 17వ సెక్షను: ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. కోడు కూడా సాహిత్యం కిందే లెక్క (అవును, నిజంగా చట్టంలో అలాగే ఉంది. మా ఇంట్లో ఈ ముక్క చెప్పి ఒకరోజంతా రచయితలా తిరిగాను). చేరిన రోజు ముప్ఫై కాగితాల మీద గబగబా సంతకాలు పెడతామే, అందులో ఇదీ ఉంటుంది. ఆర్కిటెక్టు గారి లెక్క ప్రకారం అక్కడితో కథ కంచికి.

కానీ అదే చట్టంలో 57వ సెక్షనూ ఉంది. హక్కులు అమ్మేసినా, రాసిచ్చేసినా, 'ఇది చేసింది నేను' అని చెప్పుకునే హక్కు మాత్రం చేసినవాడి దగ్గరే ఉంటుందని. అంటే డబ్బు వేరు, పేరు వేరు అని చట్టమే విడదీసింది. నేనడిగేదీ అంతే. సీగెల్‌కి లాభంలో వాటా ఇవ్వాలా వద్దా అన్నది లాయర్లు తేల్చుకుంటారు. పేరు ఎందుకు తీసేశారు? పేరు తీసేస్తే మిగిలే లాభమెంత? ఒక్క గీత సిరా.

దీని మీద నాకింత పట్టుదల రావడానికి సొంత కారణం కూడా ఉంది. ఒక పాత కంపెనీలో ఆరేళ్ళు ఒక బిల్లింగ్ మాడ్యూల్ మీద పనిచేశాను, ఇంకో ముగ్గురితో కలిసి. అందులో ఒకాయన, నాకు పని నేర్పిన మనిషి, ఆ తర్వాత రెండేళ్ళకి గుండెపోటుతో పోయారు. నేను మానేశాక ఆ కోడుని కొత్త రిపోజిటరీలోకి మార్చారట. పాత చరిత్ర మొయ్యడం ఎందుకని మొత్తం ఒక్క కమిట్‌గా దోపేశారు. ఇప్పుడక్కడ పనిచేసే మిత్రుడు మాటల్లో చెప్పాడు: ఏ లైను మీద ఎవరు రాశారని అడిగినా 'మైగ్రేషన్ యూజర్' అని ఒకే జవాబు వస్తుందట. నా పేరు పోతే పోయింది, నేనింకా జీతం తెచ్చుకుంటున్నా. పండగ నాటి రాత్రి లెక్క తప్పితే ఆసుపత్రి వరండాలో కూచుని సరిచేసిన ఆయన పేరు పోయింది. ఆ సరిచేత ఇంకా రోజూ నడుస్తోంది. చరిత్ర తేవడానికి వాళ్ళకి ఒక్క పూట పని ఎక్కువయ్యేది.

అందుకే కామిక్ తెరవగానే నేను మొదట పేర్ల పేజీ చూస్తా. అలవాటైపోయింది.

మనకి ఇది పరాయి సంగతేమీ కాదు. చందమామ చదివి పెరిగినవాళ్ళం. బొమ్మల మూల చిన్నగా 'చిత్రా' అనో 'శంకర్' అనో ఉండేది, ముఖచిత్రం మీద 'వపా'. కాబట్టి ఆ పేర్లు మనకి తెలుసు. మరి మన నిద్ర పాడుచేసిన ఆ సీరియల్స్, 'తోకచుక్క', 'మకరదేవత', 'శిథిలాలయం', రాసిందెవరు? ఆ పేజీల్లో రచయిత పేరుండేది కాదు. దాసరి సుబ్రహ్మణ్యం గారు దశాబ్దాలపాటు ఆ ఆఫీసులో కూచుని రాశారు, ఆయన రాక్షసులూ మాంత్రికులూ ఇంటింటికీ తెలుసు, ఆయన తెలీదు. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రిక వెన్నెముక, ఎంతమంది పిల్లలకి తెలుసు? పత్రికకి అంతా ఒకే గొంతు ఉండాలన్నది వాళ్ళ పద్ధతి కావచ్చు. ఆ పద్ధతి వల్లే ఆ భాష అంత శుభ్రంగా ఉందేమో కూడా. అయినా దాసరి గారి పేరు ఆయన ముసలితనంలో గానీ నలుగురి నోటా పడలేదు, అది కూడా పాత సంచికలు పోగేసుకుని ఒకరికొకరు చెప్పుకున్న అభిమానుల పుణ్యాన. నోబుల్‌మన్ లాంటి వాళ్ళు మనకీ ఉన్నారన్నమాట. 2010లో ఆయన పోయినప్పుడు బాధపడ్డానికి కనీసం మనకో పేరుంది.

"అయితే సొంత దుకాణం పెట్టుకోవాలి" అంటాడు మా స్టార్టప్ బాబు, వాడికి అన్నిటికీ అదే మందు. పెట్టుకున్నారు కూడా. 1992లో అప్పటికి బాగా అమ్ముడుపోతున్న ఏడుగురు చిత్రకారులు, టాడ్ మెక్‌ఫార్లేన్, జిమ్ లీ వగైరా, పెద్ద కంపెనీ వదిలి ఇమేజ్ కామిక్స్ పెట్టారు. నియమం సింపుల్: పుస్తకం ఎవరిదైతే హక్కు వాళ్ళది, కంపెనీకి తన పేరూ ముద్రా తప్ప ఏమీ అక్కర్లేదు. మొదట్లో వచ్చినవి చాలామటుకు కండలూ తుపాకులూ, నాకైతే చదవబుద్ధి కాలేదు. కానీ ఆ నియమం బతికింది. 2003లో 'వాకింగ్ డెడ్' వచ్చింది, 193 సంచికల తర్వాత 2019లో రచయిత తను అనుకున్న చోట ఆపేశాడు. 2012లో 'సాగా' వచ్చింది. 2018లో రచయిత బ్రయన్ వాన్, చిత్రకారిణి ఫియోనా స్టేపుల్స్ ఆపి, మూడేళ్ళ పైచిలుకు విశ్రాంతి తీసుకుని 2022లో మళ్ళీ మొదలెట్టారు. వాళ్ళ బదులు ఇంకెవర్నో కూచోబెట్టి నడిపించే అధికారం ఎవరికీ లేదు కాబట్టే అది కుదిరింది. మరీ స్వర్గమనుకోకండి. 'వాకింగ్ డెడ్' మొదట్లో బొమ్మలేసిన టోనీ మూర్, రాసిన కర్క్‌మన్ ఇద్దరూ చిన్ననాటి స్నేహితులే, 2012లో కోర్టుకెక్కారు, తర్వాత రాజీ పడ్డారు.

ఒప్పందంలో ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో 'వాచ్‌మెన్' చెబుతుంది. 1986లో మూర్, గిబ్బన్స్‌లకి కంపెనీ మంచి షరతే ఇచ్చింది: పుస్తకం ముద్రణలో లేకుండా పోయి కొంతకాలమైతే హక్కు మీకే వస్తుంది. అప్పట్లో కామిక్ అంటే నెలకి వచ్చి నెలకి పోయేదే, కాబట్టి ఒకట్రెండేళ్ళలో వచ్చేస్తుందనుకున్నారు. పుస్తకం ఎంత బావుందంటే అది ముద్రణలోంచి ఇప్పటిదాకా పోలేదు! బాగా రాసినందుకు పడిన శిక్ష. 2009 సినిమాలో మూర్ తన పేరు వద్దన్నాడు. పేరు కోసం ఏడ్చినవాళ్ళ గురించి ఇంతసేపు చెప్పానే, ఈయన పేరు తీసెయ్యమని పట్టుబట్టినవాడు. అదీ ఆయన హక్కే.

జపాన్ వాళ్ళ మాంగా చదివే మా ఫ్రంటెండ్ అమ్మాయికి ఈ గొడవే అర్థం కాలేదు. "అంకుల్, మేం ఓడా అనే అంటాం" అంది. నిజమే. 1997 నుంచి 'వన్ పీస్' ఓడాది. 'బెర్సెర్క్' గీసిన కెంటారో మియురా 2021లో పోతే, ఆయన పాత స్నేహితుడు కోజి మోరి, మియురా తనకి చెప్పిన కథే చెబుతాను తప్ప కొత్తగా కలపనని మాటిచ్చి 2022లో మళ్ళీ మొదలెట్టాడు. చదివేవాళ్ళు ఆ మాటనే పట్టుకుని ఒక్కో పేజీ చూస్తున్నారు. పేరు తెలిసిన పాఠకులు అలా అడుగుతారు. అయితే అక్కడా ఓ మడత ఉంది. వారం వారం ఆ పేజీల వెనకాల సహాయకులు గీసే గోడలూ చెట్లూ ఉంటాయి, వాళ్ళ పేర్లు మా అమ్మాయికీ తెలీవు. (అంకుల్ అన్నందుకు వేరే టపా రాస్తాను.)

పోయిన శనివారం మా డేటా మిత్రుడు ఒక కామిక్ తెచ్చాడు. పన్నెండు పేజీలు, వాడే 'చేశాడు', ఒక్క రాత్రిలో, కృత్రిమ మేధతో. బొమ్మలు చూడ్డానికి బావున్నాయి, అబద్ధమెందుకు. నేను నియమం ప్రకారం అడిగా, బొమ్మలెవరేశారని. "నేనే" అన్నాడు, కాస్త ఆగి "అంటే... మోడలు" అన్నాడు. 2023 ఫిబ్రవరిలో అమెరికా కాపీరైటు ఆఫీసుకి సరిగ్గా ఇదే ప్రశ్న వచ్చింది, 'జర్యా ఆఫ్ ద డాన్' అనే కామిక్ విషయంలో. మాటలకీ, పేజీల అమరికకీ హక్కిచ్చారు, యంత్రం పుట్టించిన బొమ్మలకి మాత్రం మనిషి కర్త కాడని ఇవ్వలేదు. మావాడి పేజీల్లో మూడోది చూడగానే ఎక్కడో చూసిన గీత అనిపించింది. నల్లటి చుక్కలు బుడగల్లా పొంగుతూ శక్తి పేలుతున్నట్టు... అది కర్బీది. ఆయన ఆ చుక్కలు అంతరిక్షం గీసిన ప్రతిచోటా పెట్టేవాడు, అభిమానులు దానికి ఆయన పేరే పెట్టారు. వాడికి కర్బీ ఎవరో తెలీదు. మోడలుకి తెలుసు, కానీ చెప్పదు. మైగ్రేషన్ యూజర్.

సరే, నియమం సంగతి. ఓటింగు పెడితే ముగ్గురు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు, ఆర్కిటెక్టు గారు ఏమీ అనలేదు. కాకపోతే ఆయన వంతు వచ్చినప్పుడు, "మిస్టర్ మిరకిల్. 2017, టామ్ కింగ్ రాశాడు, మిచ్ గెరాడ్స్ బొమ్మలు" అని మొదలెట్టి, కాస్త ఆగి, "ఆ పాత్రని పుట్టించింది 1971లో కర్బీయేట, మొదటి పేజీలో ఉంది" అన్నారు. అందులో హీరో సంకెళ్ళు తెంపుకోవడమే వృత్తిగా పెట్టుకున్నవాడు, అతనికో కొడుకు పుడతాడు, వాడి పేరు జేకబ్. కర్బీ అసలు పేరు జేకబ్ కుర్ట్జ్‌బర్గ్. ఈ ముక్క నేను చెబితే ఆయన ఫోను తీసి ఆ పేజీ మళ్ళీ తెరిచి చూసుకున్నారు.

వచ్చేసారి నా వంతు 'సాగా' కొత్త సంపుటం. ముగింపు చెప్పను, పేర్లు మాత్రం చెబుతా. మీరీమధ్య ఏం చదివారో, ఎవరు రాశారో, బొమ్మలెవరేశారో రాయండి. రంగులేసినవారి పేరు కూడా రాస్తే కాఫీ నాది.